గుడ్డ తడిపినారా సార్?

పట్టు పరిశ్రమ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఈ మధ్యే దిగిపోయాను. పుంగనూరులో చేరాను, కుప్పంలో ఎక్కువ కాలం ఉన్నాను, మదనపల్లెలో దండ వేయించుకున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చే వేళకు వచ్చాయి, అందులో నా గొప్పేమీ లేదు. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి, "ఏం చదవమంటారు సార్?" అని అడుగుతుంటారు. చదవాల్సింది చదివే కదా వచ్చారు. ఇక మిగిలింది చూడడం, కొలవడం, ఆ రెంటి మీద ఆలోచించడం. ఈ మూడూ నాకు బాగా వచ్చనుకునే నేనూ చేరాను. రావని చెప్పడానికి ఒక వక్క నమిలే పెద్దమనిషి, ఒక మల్బరీ తోట ఆమె, ఒక తువ్వాల కావలసి వచ్చాయి.

జ్వరం

మాది పెద్దమండ్యం వైపు మెట్ట పల్లె. వేరుశనగ తెలుసు గానీ మల్బరీ తెలియదు. అమ్మానాయనలు కూలికి పోయి నన్ను జువాలజీ డిగ్రీ చదివించారు. పట్టుపురుగు బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే నాకు పదికి పది. బతికున్న పురుగును మాత్రం జీతం మొదలయ్యాకే చూశాను.

చేరిన మొదటి వారం. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో పురుగుల షెడ్డు చూడబోతే, ముసలి రైతు గుమ్మంలోనే ఆపాడు.

"పురుగులు జ్వరంలో ఉండాయి సార్. రేపు రాండి."

ఆయన వద్దంటున్నా లోపలికి పోయాను. నిజమే, ఒక్క పురుగూ ఆకు ముట్టడం లేదు. తలలు పైకెత్తి, బొమ్మల్లా కదలకుండా ఉన్నాయి. సంచీలోంచి థర్మామీటరు తీసి తట్టలో పురుగుల మధ్య పెట్టి, అంకె రాసుకున్నాను. ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను: 'తట్టలన్నింటికీ వ్యాధి సోకినది. పురుగులు తీవ్ర జ్వరంతో బాధపడుచున్నవి. ఆహారము మానివేసినవి.'

మా అధికారిని అందరమూ పెద్దసారు అనేవాళ్లం. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివారు. దవడలో వక్క ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చుకున్నారు.

"థర్మామీటరు యాడ పెట్టినావప్పా? చంకలోనా, నాలిక కిందనా?"

ఆఫీసంతా నవ్వింది. నాకు ఎందుకో తెలియలేదు. పురుగు చర్మం మార్చుకోవడాన్ని మా వైపు రైతులు జ్వరం అంటారట. గుడ్డులోంచి బయటపడిన దగ్గర్నుంచి గూడు కట్టేదాకా దానికి నాలుగు జ్వరాలు. జ్వరం వచ్చినప్పుడల్లా దాదాపు ఒక రోజు తిండి మాని, తల ఎత్తి నిలబడి, పాత చర్మం విడిచి, కరువులోంచి వచ్చినట్టు ఆకు మీద పడుతుంది. ఆ సంగతికే కాలేజీలో నేను ఇంగ్లీషు పేరు బట్టీపట్టాను. మూడు నెలలపాటు నేను ఆఫీసులో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు.

నవ్వులు అయ్యాక పెద్దసారు నా నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీశారు.

"పురుగులు తినలేదు, కదల్లేదు. అది నువ్వు సూసిండేది. రోగం అనేది నువ్వు అనుకునిండేది. ఎడమ పక్క కండ్లు, కుడి పక్క బుర్ర. రెండూ కలిపి రాయొద్దప్పా."

ఆ రోజు నుంచి ఉద్యోగం అయ్యేదాకా నా నోటుబుక్కుల్లో ఆ గీత ఉంది. గీత గీసినంత మాత్రాన కండ్లూ బుర్రా కలవకుండా ఉంటాయని కాదు. కలిసినప్పుడు కనీసం దొరికిపోతాం.

రెండు గాజు గొట్టాలు

పురుగుల షెడ్డులో తేమ కొలవడానికి ఒక చెక్క ఇచ్చేవారు. దాని మీద రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి మామూలుది. రెండోదాని అడుగున బుడ్డికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న నీళ్ల గిన్నెలో వదులుతారు. గాలి పొడిగా ఉంటే గుడ్డ తడి ఆరుతూ ఆ థర్మామీటరును చల్లబరుస్తుంది, అది తక్కువ చూపిస్తుంది. రెంటికీ తేడా ఎంత ఎక్కువుంటే గాలి అంత పొడి. తేడానే లేకపోతే గాలి నిండా తేమేనని అర్థం. పట్టిక చూసి శాతం రాసుకోవాలి, అంతే.

అంతే గానీ, ఆ చెక్క నా చేతికిచ్చిన రోజు నేను నేల మీద లేను. మా ఇంట్లో అంతకుముందు గాజు సామానంటే లాంతరు చిమ్నీ ఒక్కటే. చెక్కను మా అమ్మకు చూపిస్తే, "పగిలితే నీ జీతంలో పట్టుకుంటారా నాయనా?" అని అడిగింది. మోటారు సైకిల్ మీద పోయేటప్పుడు దాన్ని సంచీలో ఉంచి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. షెడ్డు గోడకు తగిలించి, దూరంగా నిలబడి, కళ్లు చిట్లించి చూస్తుంటే రైతులు మాట్లాడడం ఆపేసేవారు. అది నాకు భలే ఇష్టంగా ఉండేది.

కుప్పంలో పనిచేస్తున్నప్పుడు బైరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె నా కింద ఉండేది. అక్కడ రెడ్డెమ్మకు ఎకరా మల్బరీ. తోట కాగితాల్లో భర్త నాగప్పది, పని మొత్తం ఆమెది. ఆ ఏడే నాగప్ప పక్క మడిలో మొదటిసారి టమోటా వేశాడు. మదనపల్లె మార్కెట్టుకు తోలిన మొదటి కోతకే మంచి రేటు తగిలి, మనిషి అన్నం ముందు కూర్చున్నా టమోటా మాటే. మల్బరీ పీకేసి అక్కడా నారు నాటాలని పట్టుబట్టాడు. అంతకుముందే ఒక పంట పురుగులు పోయాయి. ఇంకొకటి పోతే గడ్డపార తీస్తానని చెప్పేశాడు.

రెడ్డెమ్మ ఆ తోటను ఎందుకంత పట్టుకుని ఉందో ఒకసారి తనే చెప్పింది.

"ఈ షెడ్డులో నేను చెప్పిందే జరుగుతాది సార్. పొయ్యి కాడ కూడా నాకు అట్ల లేదు."

ఆ ఎండాకాలం కబురు పెడితే వెళ్లాను. నాలుగో జ్వరం లేచిన పురుగులు తట్టల్లో మెత్తబడి వాలిపోతున్నాయి. కిటికీలకు తడి గోనెలు కట్టి ఉన్నాయి. చెక్క గోడకు తగిలించి కాసేపు ఆగి చూశాను. రెండు థర్మామీటర్లలోనూ ఒకటే అంకె. పట్టిక తీశాను. నూటికి నూరు.

"ఇంత తేమలో పురుగులు యాడ బతుకుతాయమ్మా? గోనెలు తీసేయండి. కిటికీలన్నీ బార్లా తెరవండి."

"తేమ యాడుండాది సార్?" అందామె. "ఆకు ఏసిన గడియకే పెళపెళ అంటాండాది. నా పెదాలు సూడండి, పగిలి నెత్తురొస్తాండాది."

"పెదాలు కాదమ్మా, మిషను చూడాల."

ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు సిగ్గుగానే ఉంది. ఆమె గోనెలు విప్పింది. నాలుగు రోజుల్లో పంట మొత్తం పోయింది. రిజిస్టరులో 'కారణం' అనే గడిలో నేను చక్కని దస్తూరితో రాశాను: 'రైతు అశ్రద్ధ.' అప్పట్లో మా ఆఫీసులో ఆ మాట పడిన రైతుకు మళ్లీ పురుగులిచ్చే వరుసలో చివరి చోటు.

పెద్దసారు అప్పటికి మదనపల్లెకు మారారు. నెలవారీ మీటింగుకు పోయినప్పుడు ఈ పంట సంగతి గొప్పగా చెప్పాను. నూటికి నూరు అనగానే ఆయన వక్క నమలడం ఆపారు. ఎండాకాలంలోనా అన్నారు. చెక్క తెప్పించుకుని గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూశారు.

"ఇది యాడప్పా తడిగా ఉండాది?"

గిన్నెలో చుక్క నీళ్లు లేవు. దారిలో ఒలికి సంచీలో కాగితాలు తడుస్తాయని నేనే పారబోసేవాణ్ణి. షెడ్డుకు పోయాక మళ్లీ పోయాలి. ఆ రోజు పోయలేదు. గుడ్డ ఎండిపోయి, రెండోది కూడా మామూలు థర్మామీటరు అయిపోయింది.

"రెండు థర్మామీటర్లు ఒకే మాట చెప్తాండాయంటే సంతోషపడేది కాదప్పా," అన్నారు పెద్దసారు. "ఏదో ఒకటి నిద్రపోతాండాదేమో సూడాల."

సగం సగం

మర్నాడే రెడ్డెమ్మ దగ్గరికి పోయాను. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. జరిగింది, పెద్దసారు అన్న మాటతో సహా చెప్పి, "నీ పంట పోయింది నా వల్లే రెడ్డెమ్మా" అన్నాను. ఆమె ఖాళీ తట్టలు కడుగుతోంది. చేతులు తుడుచుకుంది.

"అంటే నా పెదాలు నిజమే చెప్పినాయన్న మాట."

"నిజమే చెప్పినాయి."

"సరే. మీ వల్ల పోయినాయని యాల అంటారు సార్? మీరు రాకముందే మెత్తబడినాయి కదా. మెత్తబడినాయనే కదా నేను కబురు పెట్టింది."

గుడ్డ ఎండిన సంగతి తెలిసినప్పటి నుంచి నేను నా తప్పు చుట్టూనే తిరుగుతున్నాను. రాత్రి నిద్ర కూడా పోలేదు. ఆ తప్పుకు ముందే పురుగులు జబ్బుపడ్డాయన్న సంగతి నా నోటుబుక్కులో ఎడమ పక్క నా దస్తూరితోనే రాసి ఉంది. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా మనిషికి ఒక గర్వం ఉంటుంది పిల్లలూ. లోకంలో జరిగిన చెడంతా తన వల్లే జరిగిందనుకుంటాడు.

"ఎండకే పోయినాయని నేనంటా," అందామె. "తేమకి పోతాయని మీ ఆఫీసంటాది. ఇంకొక్కసారి పురుగులిప్పించండి. షెడ్డులో రెండు గదులుండాయి. ఒక గది నా మాట, ఒక గది మీ మాట. సగం సగం."

ఇలాంటి పరీక్షలు ఎలా చేయాలో నాకు ట్రైనింగులో వారం రోజులు చెప్పారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పురుగులు ఇప్పించాలంటే రిజిస్టరులో 'అశ్రద్ధ' పోవాలి. పెద్దసారు దగ్గరికి పోతే, "కొట్టేసేది ఎంతసేపప్పా? ఆడ ఏం రాస్తావు?" అన్నారు. తెలియదన్నాను. "అదే రాయి." నేను 'కారణం తెలియదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రిజిస్టరులో అలాంటి గడి అదొక్కటే. మిగతా గడులన్నింటిలో అందరికీ అన్నీ తెలుసు.

రెండో జ్వరం దాటిన పురుగులు వచ్చాయి. ఒక గదిలో తడి గోనెలు, ఒక గదిలో తెరిచిన కిటికీలు. గదికి పన్నెండు తట్టలు, అరల మీద ఒకదాని పైన ఒకటి. ఆకు రెంటికీ ఒకటే, వేళలు ఒకటే. నేను రెండ్రోజులకోసారి పోయేవాణ్ణి. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆమె గొంతు వినబడేది.

"గుడ్డ తడిపినారా సార్?"

ఆ మాట పల్లె దాటింది. గంగవరంలో ఎవరో ముక్కూ మొహం తెలియని రైతు టీకొట్టు దగ్గర నన్ను చూసి అదే అడిగాడు.

నాలుగో జ్వరం దాకా పురుగులు బంగారంలా ఉన్నాయి. లేచిన రెండో రోజున మెత్తబడడం మొదలైంది. ఆమె గదిలో, నా గదిలో కూడా. ఆమె మాటా ఓడింది, నా మాటా ఓడింది. రెడ్డెమ్మ గడప మీద కూలబడింది. ఏడవలేదు గానీ, తలెత్తలేదు. నాగప్ప బయట చెట్టు కింద నిలబడి ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన మొహంలోనూ సంతోషం లేదు.

"దీనికి రాసిపెట్టి లేదు సార్," అన్నాడు. "ఈ వారమే గడ్డపార తీస్తా."

నాకు ఏం చేయాలో తెలియక, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, "చచ్చినవాటిని లెక్కపెడదాం" అన్నాను.

"చచ్చినవాటిని ఎవురు లెక్కపెడతారు సార్?" అంది రెడ్డెమ్మ. "ఎత్తి గుంతలో ఏస్తాం గానీ." అయినా లేచి వచ్చింది.

ఇద్దరం తట్ట తట్టకూ లెక్కపెట్టాం. ఎడమ పక్కనే రాస్తూ పోయాను. రెండు గదులకూ మొత్తం దాదాపు సమానం. కానీ పై తట్టల్లో ఒకటీ అరా. కింది తట్టల్లో దోసిళ్లకొద్దీ. రెండు గదుల్లోనూ అంతే. నా పెన్ను వెంటనే కుడి పక్కకు ఉరికింది. 'కింద గాలి ఆడదు' అని రాయబోతున్నాను.

"ఉండండి సార్, రాయొద్దు," అందామె. పై తట్టను చూసింది, కింది తట్టను చూసింది. తరువాత గొంతు తగ్గించి చెప్పింది. "నాలుగో జ్వరం లేచినాక ఒక మూట సాలదు, ఆకు రెండు మూటలొస్తాది. నా మూట ముందొస్తాది, పైనుంచి ఏసుకుంటా వస్తా. కింది తట్టలకి ఆయప్ప మూట."

తోట ఒకటే, ఆకు ఒకటే. తేడా మూట కట్టే గుడ్డలో ఉంది. ఆమెది పాత చీర. నాగప్పది భుజం మీద తువ్వాల. పొద్దున్నే టమోటాకు మందు కొట్టి, చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలలోనే ఆకు మూట కట్టి తెచ్చేవాడు. నేను ఆ షెడ్డుకు పోయిన ప్రతిసారీ ఆ తువ్వాల ఆయన భుజం మీద చూశాను. ఒక్కసారి కూడా నా నోటుబుక్కులోకి ఎక్కలేదు. తేమ కొలవడానికి పోయినవాడికి తేమే కనిపిస్తుంది.

ఒక తట్ట

నాకు తెలిసిపోయిందనిపించింది. రెడ్డెమ్మకు అలా అనిపించలేదు.

"నా పెదాలు నిజం చెప్పినాయి గానీ నా మాట తప్పింది కదా సార్. ఇది కూడా తప్పితే ఆయప్ప మీద నిష్ఠూరం పడుతాది. ఒక తట్ట ఇచ్చేస్తా."

ఒక తట్టకు మాత్రం తువ్వాలలో కట్టిన ఆకు వేసి చూద్దామంది. పోయేవాటిలోంచి ఒకటి తీసుకుందామని నేను కింది తట్ట మీద చెయ్యి వేశాను. ఆమె నా చెయ్యి తోసేసి, అన్నిటికన్నా పైనున్న తట్ట దించింది. ఒక్కటి కూడా చావని తట్ట, వేలు లావు పురుగులు, ఇంకో ఐదు రోజుల్లో గూడు కట్టేవి.

"బాగుండేదే ఇయ్యాల సార్. చచ్చేదాన్ని ఇస్తే, అది ఎట్లా చచ్చేదే కదా అని రేపు మనమే అంటాం."

పరీక్షకు ఏది ఎంచుకోవాలన్నదాని మీద నేను తరువాత చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను. ఆ మాటకు మించింది వినలేదు. ఆ తట్టలో ఆకు ఆమే వేసింది. పురుగులు ఆత్రంగా పైకొచ్చి తినడం మొదలుపెట్టాయి. వాన పడుతున్నట్టు చప్పుడు. ఆమె అక్కడ నిలబడలేక బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు నేను పోయేసరికి ఆ తట్టలో చప్పుడు లేదు. పురుగులన్నీ తలలు వాల్చేసి ఉన్నాయి. దాని పక్క తట్టలో, చీరలో తెచ్చిన ఆకు తిన్న పురుగులు అలాగే కరకర తింటున్నాయి. నాగప్ప రెండు తట్టల ముందూ నిలబడి చూశాడు. తువ్వాల భుజం మీదనుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"ఉతుకుతానే ఉండాను కదా," అన్నాడు.

ఆ పూట ఆయన అన్నం తినలేదు. రెడ్డెమ్మే పోయి పిలిచింది. "రా అప్పా. తువ్వాలకేం తెలుసు."

పై తట్టల పురుగులు నిలబడ్డాయి. సగం పంట చంద్రికలనే వెదురు తడికెల మీద గూళ్లు కట్టింది. గడ్డపార దూలం మీదే ఉండిపోయింది. వారం సంతలో రెడ్డెమ్మ రెండు తువ్వాలలు కొంది, ఎర్రది టమోటాకు, తెల్లది పురుగులకు. రిజిస్టరులో 'కారణం తెలియదు' అన్న గడి పూర్తి చేయాలని పోయి ఆమెను అడిగాను. "ఆయప్ప పేరు రాయొద్దు సార్. తువ్వాల అని రాయండి," అంది. అదే రాశాను. మదనపల్లెలో పెద్దసారు అది చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదేం రోగమప్పా? కాలేజీలో చెప్పినారా?"

మొత్తం విన్నాక మాత్రం నవ్వలేదు. ఆ పేజీ వేరే కాగితం మీద రాయించుకుని తన సొరుగులో పెట్టుకున్నారు.

ఇప్పుడు

ఉద్యోగం దిగాక ఒకసారి రెడ్డెమ్మ తోట చూడాలనిపించి బస్సెక్కాను. ఆమె జుట్టు నెరిసింది. తట్టల స్థానంలో ఇప్పుడు పొడుగాటి అరలు, ఆకు కోయకుండా కొమ్మలకు కొమ్మలే వేస్తున్నారు. మల్బరీ ఎకరం నుంచి రెండైంది. నాగప్ప భుజం మీద తెల్ల తువ్వాల ఉంది. గోడకు అరచేతిలో పట్టే డిజిటల్ డబ్బా ఒకటి తగిలించి ఉంది. దానికి నీళ్లూ అక్కర్లేదు, గుడ్డా అక్కర్లేదు.

చెప్పులు విప్పి లోపలికి పోయాను. అలవాటు కొద్దీ ఆకు పట్టుకుని చూశాను, మెత్తగా ఉంది. డబ్బాలో తేమ చూశాను, ఎంతుండాలో అంతే ఉంది.

"చెయ్యీ, డబ్బా ఒకటే మాట చెప్తున్నాయి రెడ్డెమ్మా. ఇంకేం కావాలి?" అన్నాను. బస్సు వేళవుతోంది.

ఆమె నా వైపు అదోలా చూసింది.

"రెండూ ఒకటే చెప్తాండాయంటే ఏదో ఒకటి నిద్రపోతాండాదేమో సూడాలని మీరే కదా సార్ చెప్పినారు? ఏది నిద్రపోతాండాదో సూసి పోండి."

లోపలికి పోయి పాత చెక్క తెచ్చింది. కుప్పం ఆఫీసులో పనికిరాదని తీసేసినప్పుడు నేనే ఆమెకిచ్చింది. రెండు గొట్టాలూ పగలకుండా ఉన్నాయి. గుడ్డ కొత్తది, పాత చీర ముక్క. నేను సంచీ కింద పెట్టి, గిన్నెలో నీళ్లు పోసి, గుడ్డ కొస అందులో వదిలాను. తడి పైకెక్కేదాకా ఇద్దరం గడప మీద కూర్చున్నాం. బస్సు పోయింది.